యాజూ 'ఓన్లీ యూ' (1982): అసలు పాట రెండో స్థానంలో ఆగింది, కవర్ మాత్రం నంబర్ వన్ అయింది. ఎందుకంటారు?

నీలి_క్యాసెట్:
ఎనభైల సింథ్‌పాప్ (సింథసైజర్లనే ఎలక్ట్రానిక్ కీబోర్డులతో చేసిన పాప్) అనగానే మనమంతా డాన్స్ పాటల దగ్గరే ఆగిపోతున్నాం, ప్రేమ పాటల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అందుకే ఈ థ్రెడ్. 1982 మార్చిలో వచ్చిన సింగిల్ ఇది. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ కౌంటీలోని బాసిల్డన్ నుంచి వచ్చిన ఇద్దరు, విన్స్ క్లార్క్, అలిసన్ మోయే. ఆయన సింథసైజర్లు వాయిస్తాడు, ఆవిడ పాడుతుంది, యాజూ బ్యాండ్ మొత్తం అంతే. రికార్డు చేసేనాటికి ఇద్దరికీ ఇరవై, ఇరవై ఒకటి వయసు. ఆ మే నెలకల్లా బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి చేరింది. తర్వాత రెండేళ్లు తిరక్కుండానే ఫ్లయింగ్ పికెట్స్ అనే బృందం ఇదే పాటను ఒక్క వాయిద్యం కూడా లేకుండా పాడి 1983 క్రిస్మస్‌కి నంబర్ వన్ చేసింది, ఐదు వారాలు అక్కడే కూర్చుంది.

నా మాట ముందే చెప్పేస్తా: అసలు పాటే గొప్పది. మెషీన్లతో చేసిన పాట గుండెని ఇంతలా పట్టుకోవడం అప్పటికి చాలామంది ఊహించని విషయం. మీరేమంటారు?

శ్రుతిపెట్టె:
నేను అవతలి పక్షం. ఫ్లయింగ్ పికెట్స్ పాడింది విన్నాకే ఆ ట్యూన్ ఎంత బాగుందో నాకు అర్థమైంది. అసలు పాటలో మోయే గొంతు అద్భుతం, కాదనను, కానీ వెనకాల ఆ బీప్ బీప్ శబ్దాలు వింటుంటే ఏదో ఆట బొమ్మ మోగుతున్నట్టు ఉంటుంది నాకు. మనుషులు పాడితే ఆ ఖాళీలన్నీ ఊపిరితో నిండుతాయి. జనం కూడా అదే అన్నారు కదా, రెండో స్థానం ఎక్కడ, ఐదు వారాల నంబర్ వన్ ఎక్కడ.

మోనోసింత్:
"బీప్ బీప్" అన్నందుకు శ్రుతిపెట్టె గారితో కాస్త గట్టిగానే విభేదిస్తున్నా 🙂

ఆ రోజుల్లో క్లార్క్ బాగా వాడింది సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రో-వన్. అది మోనోఫోనిక్ సింథ్, అంటే ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు కీలు కలిపి నొక్కినా రెండు స్వరాలు రావు. అలాంటి పరికరంతో పియానోలా చేతినిండా కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) పట్టుకుని కూర్చోవడం కుదరదు. ఒక వరస తయారుచేసుకుని టేప్ మీదకి ఎక్కించాలి, దాని పక్కన ఇంకో వరస, దాని కింద బేస్, ఇలా ఒక్కో గీతగా పేర్చుకుంటూ రావాలి. పైగా అది మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాల్ని ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి) రాకముందు కాలం, మిడి వచ్చింది 1983లో. అప్పటిదాకా ఒక మెషీన్‌తో ఇంకోదాన్ని తాళంలో నడిపించడమే పెద్ద పని, వోల్టేజీలతో, సీక్వెన్సర్లతో (స్వరాల వరసని దానంతటదే వాయించే పరికరాలతో) కుస్తీ పట్టాలి.

ఇప్పుడు పాట మొదలు మళ్లీ వినండి. ఆ ఆర్పెజియో (కార్డ్‌లోని స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి రావడం) ఉంది చూడండి, గిటార్ తీగల్ని వేళ్లతో ఒక్కొక్కటిగా మీటినట్టు వస్తుంది. క్లార్క్‌కి పాటలు రాయాలన్న కోరిక పుట్టించింది సైమన్ అండ్ గార్ఫంకల్ అనే అమెరికన్ ఫోక్ జోడీ. ఆయన సింథ్ పట్టుకున్నా లోపల ఉన్నది ఫోక్ పాటే. పాటని లోహపు శబ్దాలతో నింపేసే అవకాశం చేతిలో ఉండి కూడా ఆయన అలా నింపలేదు. డ్రమ్ మెషీన్ కూడా మెత్తగానే కొడుతుంది. గొంతుకి చోటు వదిలాడు. మీకు ఖాళీలా వినిపిస్తున్నది ఆయన కావాలని వదిలిన చోటు.

కొత్తచెవి:
నేను ఈ పాట విన్నది 'ది ఆఫీస్' బ్రిటిష్ సిరీస్ చివర్లో, 2003 క్రిస్మస్ స్పెషల్‌లో. టిమ్, డాన్ అనే ప్రేమ జంట చివరికి కలుసుకునే చోట ఇదే వస్తుంది, ఏడ్చేశా. కానీ అన్నయ్యలూ అక్కయ్యలూ, మొదటిసారి విన్నప్పుడు పాడుతున్నది మగో ఆడో కూడా తెలియలేదు. ఎవరావిడ? ఆవిడ గురించి చెప్పండి.

పల్లవి_చరణం:
చెప్తా తమ్ముడూ, నాకు ఇష్టమైన గాయని. అలిసన్ మోయేది కాంట్రాల్టో, ఆడగొంతుల్లో అన్నింటికన్నా కింద ఉండేది. చిన్నప్పుడు పంక్, తర్వాత బ్లూస్, ఆవిడ దారి అదీ. సింథసైజర్లతో ఏ సంబంధమూ లేదు. బ్లూస్ పాడే బ్యాండ్ కావాలని మెలొడీ మేకర్ పత్రికలో ప్రకటన ఇచ్చుకుంది. దానికి ఫోన్ చేసింది విన్స్ క్లార్క్. అప్పటికి ఆయన డిపెష్ మోడ్ అనే బ్యాండ్ కోసం 'జస్ట్ కాంట్ గెట్ ఇనఫ్' రాసి, ఒక్క ఆల్బమ్ అవగానే 1981 చివర్లో బయటికొచ్చేశాడు. చేతిలో ఈ పాట ఉంది, డెమో పాడేవాళ్లు కావాలి. ఇద్దరిదీ ఒకటే ఊరు.

ఒక్కసారి ఆలోచించు, బ్లూస్ గుంపు కోసం వెతుకుతున్న అమ్మాయికి మెషీన్ల అబ్బాయి ఫోన్. అసలు కుదరకూడని జోడీ. ఆవిడ సింథ్‌పాప్ వాళ్లలా ముఖంలో ఏ భావం లేకుండా పాడదు, అలాగని బ్లూస్ వాళ్లలా గొంతు చించుకోదు కూడా. ఈ పాటలో ఆవిడ ఎంత అదుపులో పెట్టుకుందో వింటే తెలుస్తుంది, గొంతు వెనకాల చాలా బలం ఉందని మనకి అర్థమవుతూనే ఉంటుంది, కానీ ఆవిడ దాన్ని వదలదు. నాకు ఈ పాటలో అన్నింటికన్నా ఇష్టమైనది ఆ బిగపట్టడమే. పూర్తిగా వదిలితే ఎలా ఉంటుందో తెలియాలంటే అదే ఏడాది వచ్చిన 'డోంట్ గో' విను.

అర్ధరాత్రి_రేడియో:
పాటని జనం ఎలా తీసుకున్నారన్నది కదా థ్రెడ్, అప్పటి వాతావరణం కూడా చెప్పుకోవాలి. సరిగ్గా 1982 మే నెలలోనే, అంటే ఈ పాట చార్టులో పైకెక్కుతున్న రోజుల్లోనే, బ్రిటన్ మ్యుజిషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లని, డ్రమ్ మెషీన్లని నిషేధించాలని తీర్మానం చేసింది. దానికి కారణం అమెరికన్ గాయకుడు బ్యారీ మానిలో తన పర్యటనలో ఆర్కెస్ట్రా బదులు సింథ్‌లు వాడటం. వయొలిన్ వాళ్ల పొట్ట కొడుతున్నారని కోపం. ఆ కోపంలో న్యాయం లేదని నేను అనను, పని పోతుందంటే ఎవరికైనా టెన్షనే. జాతీయ స్థాయిలో యూనియన్ దాన్ని ఒప్పుకోలేదు, సింథ్‌లు మానలేదు.

కానీ ఆ సమయంలో సింథ్ అంటే ప్రాణం లేనిది, బటన్ నొక్కితే పాట వస్తుంది అని చాలామంది నిజంగా నమ్మేవాళ్లు. అలాంటప్పుడు ఈ పాట వచ్చింది. వాదనకి ఇంతకన్నా మంచి జవాబు ఇంకోటి ఉంటుందా? గుంపుగా ఆర్కెస్ట్రా వాయించినా రాని ఒంటరితనం ఇందులో ఉంది. విన్న సామాన్య జనం సింథా, వయొలినా అని చూడలేదు, వెళ్లి రికార్డు కొన్నారు. మరుసటి ఏడాది బ్రిట్ అవార్డుల్లో కొత్తవాళ్లకిచ్చే బహుమతి యాజూకే వచ్చింది.

నీలి_క్యాసెట్:
అర్ధరాత్రి_రేడియో గారూ, నేను చెప్పాలనుకున్నది నాకన్నా బాగా చెప్పారు. ఇంకోటి కలుపుతా, ఈ పాట వచ్చింది పెద్ద కంపెనీ నుంచి కాదు, డేనియల్ మిల్లర్ నడిపిన మ్యూట్ రికార్డ్స్ అనే ఇండిపెండెంట్ లేబుల్ నుంచి. రికార్డు చేసింది లండన్‌లోని బ్లాక్‌వింగ్ స్టూడియోలో, అది పాత చర్చి భవనం. ఎరిక్ రాడ్‌క్లిఫ్ అనే ఇంజినీరు వీళ్లతో కలిసి ప్రొడ్యూస్ చేశాడు, ఆయన పేరు మీదే ఆల్బమ్‌కి 'అప్‌స్టెయిర్స్ ఎట్ ఎరిక్స్' అని పెట్టారు. ఆ ఆల్బమ్ కూడా రెండో స్థానమే. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒక ఇంజినీరు, కొన్ని మెషీన్లు, ఇంత తక్కువ సరంజామాతో దేశమంతా పాడుకున్న పాట వచ్చింది.

శ్రుతిపెట్టె:
మీరంతా కలిసి నన్ను ఒంటరిని చేశారు కానీ నా పక్షం వదలను. ఫ్లయింగ్ పికెట్స్ అంటే ఏదో క్రిస్మస్ కోసం పుట్టిన గుంపు అనుకునేవాళ్లకి చెప్తున్నా, వాళ్లు 7:84 అనే వామపక్ష నాటక సంస్థలో పనిచేసిన నటులు. ఆరుగురు. బృందం పేరే సమ్మె నుంచి వచ్చింది, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతూ ధర్నా చేసే కార్మికుల్ని అలా పిలుస్తారు, 1972, 1974 బొగ్గు గని సమ్మెల్లో ఆ మాట బాగా నలిగింది. 1984లో మళ్లీ పెద్ద సమ్మె వస్తే వీళ్లు బాహాటంగా కార్మికుల పక్షాన నిలబడ్డారు. అలాంటి వాళ్ల పాట తనకి ఇష్టమైన రికార్డు అని ప్రధాని మార్గరెట్ థాచర్ చెప్పినట్టు చాలా చోట్ల రాశారు. సమ్మెలు చేసేవాళ్లకీ నచ్చింది, సమ్మెలు అణిచినావిడకీ నచ్చింది.

వాయిద్యం లేకుండా గొంతులు మాత్రమే ఉన్న పాట అప్పటి చార్టులో ఎంత వింతగా వినిపించి ఉంటుందో ఊహించండి. చుట్టూ అన్నీ సింథ్‌లు, పెద్ద పెద్ద డ్రమ్ములు. వాటి మధ్య ఆరుగురు మగవాళ్లు నోటితో పాడుతున్నారు. ధైర్యం ఉండాలి.

మోనోసింత్:
శ్రుతిపెట్టె గారూ, ధైర్యం విషయంలో వంద శాతం మీతోనే. కానీ ఒకటి గమనించారా, వాళ్లు పాడుతున్నది ఏంటి? వెనకాల "బా ద ద" అని వినిపించేదంతా క్లార్క్ రాసిన సింథ్ వరసే. కొత్తగా అరేంజ్‌మెంట్ ఏమీ కట్టలేదు, ఉన్నదాన్నే గొంతులకి పంచారు. అది ఎందుకు అంత తేలిగ్గా కుదిరిందంటే, నేను పైన చెప్పిన కారణమే. ఒక్క స్వరం పలికే సింథ్, ఒక్క స్వరం పలికే మనిషి గొంతు, రెండింటి పరిమితీ ఒకటే. మనిషి కూడా ఒకసారికి ఒక్క స్వరమే పాడగలడు. ఒక్కో వరస ఒక్కో గొంతులో చక్కగా ఒదిగిపోయింది. అంటే మెషీన్ పాట, మనుషుల పాట అని మనం విడదీస్తున్నాం గానీ లోపలి నిర్మాణం రెండింటిలోనూ అదే. కవర్‌కి వచ్చిన ఐదు వారాల్లో క్లార్క్ కూర్పుకీ వాటా ఉందంటాను.

శ్రుతిపెట్టె:
ఇది నేను ఆలోచించని కోణం. వాటా ఇస్తా, మొత్తం ఇవ్వను 😄

పల్లవి_చరణం:
అందరం "ప్రేమ పాట" అంటున్నాం కానీ సాహిత్యం మీద ఒక్కరూ మాట్లాడలేదు. ఇది ప్రేమలో ఉన్నవాళ్ల పాట కాదు. ప్రేమ అయిపోయాక, ఆ మనిషి దూరమయ్యాక, నాకు కావాల్సింది నువ్వు ఇచ్చిన ఆ ప్రేమ ఒక్కటే అని గతంలోకి చూస్తూ పాడుకునేది. పెళ్లిళ్లలో మొదటి డాన్స్‌కి వేసుకుంటారట చాలామంది, పల్లవి ఒక్కటే వింటే అలాగే అనిపిస్తుంది మరి. చరణాలు వింటే కిటికీలోంచి చూస్తూ ఉండటం, దూరం పెరిగిపోతుండటం, ఇదంతా ఓ ఆటేనేమోనన్న అనుమానం, ఇవన్నీ ఉన్నాయి.

అది కూడా ఈ పాట నిలబడటానికి కారణమని నా నమ్మకం. ట్యూన్ ఓదారుస్తుంది, మాటలు ఓదార్చవు. సంతోషంలో ఉన్నవాళ్లు ట్యూన్ పట్టుకుంటారు, బాధలో ఉన్నవాళ్లు మాటలు పట్టుకుంటారు. మోయే ఈ రెండింటి మధ్య నిలబడి ఎటూ ఒరగకుండా పాడింది. ఏడుపు గొంతుతో పాడి ఉంటే ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు.

వానాకాలం:
నేను కాస్త చేదు మాట చెప్తా, కొట్టకండి. పాట బాగుంది, కానీ అతిగా తీపి. యాజూలో నిజమైన గొప్ప ప్రేమ పాట 1983లో వచ్చిన 'నోబడీస్ డైరీ'. అది మోయే స్వయంగా రాసింది, మూడో స్థానం దాకా వెళ్లింది. అందులో కోపం ఉంది, గర్వం ఉంది, బతిమాలడం ఉంది, మనిషి మొత్తం ఉంది. 'ఓన్లీ యూ'లో మోయే వేరేవాళ్లు రాసిన మాటలు పాడుతోందని నాకు తెలిసిపోతుంటుంది. క్లార్క్ మాటల్లో అంత లోతు ఉండదు, ట్యూన్‌కి సరిపడా పదాలు పేర్చుకుంటాడు. పాట నిలబడింది ట్యూన్ వల్ల, ఆవిడ గొంతు వల్ల. సాహిత్యానికి ఆ ఘనత ఇవ్వడం నాకు నచ్చట్లేదు.

పల్లవి_చరణం:
వానాకాలం గారూ, 'నోబడీస్ డైరీ' విషయంలో గొడవే లేదు, ప్రాణం ఆ పాట. కానీ వేరేవాళ్ల మాటలని తెలిసిపోతోంది అన్నారు చూడండి, నాకు సరిగ్గా అదే నచ్చుతుంది. ఆవిడ ఆ మాటల్ని తనవి చేసుకోవడానికి హడావిడి పడదు. ఒక అపరిచితుడి ఉత్తరాన్ని జాగ్రత్తగా, గౌరవంగా చదివినట్టు పాడుతుంది. మాటలు మామూలువే, ఒప్పుకుంటా. మామూలు మాటల్ని అంత శ్రద్ధగా పలికితే నాకు చాలు.

సముద్రం_అవతల:
అమెరికా సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ వీళ్ల పేరే వేరు, యాజ్. అప్పటికే అక్కడ యాజూ అనే చిన్న రికార్డు కంపెనీ ఉండటంతో పేరు కత్తిరించుకోవాల్సి వచ్చింది. 'ఓన్లీ యూ' 1983లో బిల్‌బోర్డ్ హాట్ 100లో 67 దగ్గర ఆగిపోయింది. మరి అక్కడి జనానికి యాజ్ ఎలా తెలుసు అంటే, ఈ సింగిల్‌కి బి-సైడ్‌గా వేసిన 'సిట్యుయేషన్' వల్ల. రీమిక్స్ అయ్యి బిల్‌బోర్డ్ డాన్స్ చార్టులో నంబర్ వన్‌కి వెళ్లింది. ఒకే రికార్డుకి ఒక వైపు బ్రిటన్‌లో ఇంటింటి పాట, రెండో వైపు అమెరికా క్లబ్బుల పాట. అందుకే అక్కడి అభిమానులతో మాట్లాడితే వాళ్ల దృష్టిలో ఇది డాన్స్ బ్యాండ్, ఈ ప్రేమ పాట ఓ పక్కన ఉండే విషయం. అమెరికా రేడియో దీన్ని పట్టించుకోకపోవడం వాళ్లకే నష్టమని నా అభిప్రాయం.

కొత్తచెవి:
ఇన్ని విషయాలు తెలుస్తాయనుకోలేదు, థాంక్స్ అందరికీ. ఇంకా ఎవరెవరు పాడారు? ఏది వినాలి?

అర్ధరాత్రి_రేడియో:
చాలామంది పాడారు తమ్ముడూ. ఎన్రికే ఇగ్లేసియస్ 1997లో స్పానిష్‌లో పాడాడు, 'సోలో ఎన్ తీ' అని, అది బిల్‌బోర్డ్ లాటిన్ పాటల చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. 2015లో కైలీ మినోగ్, జేమ్స్ కార్డెన్ కలిసి పాడారు. 2017లో సెలీనా గోమెజ్ ఒక నెట్‌ఫ్లిక్స్ సిరీస్ కోసం పాడింది, కొంచెం నిదానంగా, దాదాపు గుసగుసలా. నాకు ఎన్రికేది పెద్దగా ఎక్కలేదు, మరీ నున్నగా ఉంటుంది.

కానీ నువ్వు తప్పకుండా చూడాల్సింది వాంగ్ కార్-వై తీసిన హాంకాంగ్ సినిమా 'ఫాలెన్ ఏంజెల్స్', 1995ది. చివర్లో సొరంగంలో మోటర్‌సైకిల్ మీద ఇద్దరు వెళ్తుంటే ఫ్లయింగ్ పికెట్స్ గొంతులు వస్తాయి. ఇద్దరూ పెద్దగా పరిచయం లేనివాళ్లు, కాసేపటి వెచ్చదనం కోసం ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. పల్లవి_చరణం గారు చెప్పిన అర్థం, ప్రేమ ఉన్నట్టే ఉండి చేతికందకపోవడం, ఆ సీన్‌లో మాట లేకుండా కనబడుతుంది. శ్రుతిపెట్టె గారి పక్షానికి ఇది బలమైన పాయింటే. అదే 'ది ఆఫీస్' వాళ్లు తీసుకున్నది మోయే గొంతుని, అక్కడ నిజంగా ఇద్దరూ కలుస్తున్నారు కాబట్టి ఆ నిబ్బరం కావాలి. ఎవరు ఏ పాట ఎందుకు ఎంచుకున్నారో చూస్తే రెండూ వేర్వేరు పనులు చేస్తాయని తెలుస్తుంది.

నీలి_క్యాసెట్:
అవును, ఇది చాలా సరైన మాట. నేను ఇంకో సంగతి చెప్పాలి. ఇంత దగ్గరితనం వినిపించే పాట చేసిన ఈ ఇద్దరూ ఎప్పుడూ స్నేహితులు కాలేదు. రెండో ఆల్బమ్ 'యూ అండ్ మీ బోత్' చేసేటప్పటికి ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం స్టూడియోకి వచ్చి విడివిడిగా పని చేసుకున్నారు. 1983 జూలైలో అది విడుదలై మొదటి స్థానానికి వెళ్లేసరికి బ్యాండే లేదు. క్లార్క్ తర్వాత 1985లో ఇరేజర్ అనే బ్యాండ్ మొదలుపెట్టాడు, మోయే 1984లో 'ఆల్ఫ్' ఆల్బమ్‌తో సోలోగా నంబర్ వన్ కొట్టింది. ఇద్దరికీ విడిపోవడం నష్టం కాలేదు, మనకే నష్టం. వాళ్లిద్దరి మధ్య అంత దూరం ఉండటం ఈ పాటకి మంచే చేసిందని నాకనిపిస్తుంది. మెషీన్ ఆవిడ గొంతుకి వంత పాడదు, దాని దారిన అది నడుస్తుంటుంది, ఆవిడ దారిన ఆవిడ పాడుతుంది. ఒకే పాటలో ఇద్దరు ఒంటరి మనుషులు.

వానాకాలం:
సరే, ఇది విన్నాక కూడా నా ఓటు 'నోబడీస్ డైరీ'కే. కానీ ఇద్దరు ఒంటరి మనుషులు అన్న మాట బాగుంది, రేపు ఆ చెవితో మళ్లీ వింటా.

కొత్తచెవి:
మరి వీళ్లు మళ్లీ కలిసి ఎప్పుడూ పాడలేదా? లైవ్ ఏమైనా ఉందా?

మోనోసింత్:
పాడారు తమ్ముడూ. పాతికేళ్ల తర్వాత, 2008లో 'రీకనెక్టెడ్' అని టూర్ చేశారు. రెండో ఆల్బమ్ పాటలు అప్పటిదాకా స్టేజి మీద పాడే అవకాశమే రాలేదు కదా, అది తీరింది. ఆ కచేరీల రికార్డింగ్ 2010లో 'రీకనెక్టెడ్ లైవ్' పేరుతో వచ్చింది, వెతికితే దొరుకుతుంది. మోయే గొంతు వయసుతో ఇంకా కిందికి దిగి, ఇంకా చిక్కబడింది. ముందు 1982ది విను, తర్వాత ఇది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. విన్నాక ఏది నచ్చిందో ఇక్కడే రాయి.

శ్రుతిపెట్టె:
మధ్యలో ఫ్లయింగ్ పికెట్స్‌ది కూడా విను తమ్ముడూ, వీళ్లు కావాలనే వదిలేశారు.